సపోర్టింగ్ కొటేషన్ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండు సంగతులు. చిత్తూరులో హార్డ్‌వేర్ షాపు పెట్టావు, మునిసిపాలిటీలకు చీపుర్లు, తోపుడు బండ్లు, బ్లీచింగ్ పౌడరు సప్లై చేయాలని ఉంది, టెండరు దారి తెలియదు. ఈలోగా తెలిసినాయన వచ్చి "ఖాళీ లెటర్‌హెడ్ మీద సీలేసి సంతకం పెట్టివ్వు, సపోర్టింగ్ కొటేషన్‌కు కావాలి, ఈసారి నాకు, వచ్చేసారి నీకు" అన్నాడు. ముందు దీనికి జవాబు చెప్తా: ఇవ్వొద్దు. సపోర్టింగ్ కొటేషన్ అంటే, ఒకడికి ఆర్డరు దక్కేలా పక్క షాపుల పేరు మీద ఎక్కువ ధర వేసిపెట్టే ఉత్తుత్తి ధరల కాగితం.

నేను ఇచ్చాను. 2012లో, తిరుపతి కొర్లగుంటలో మా నాయన పెట్టిన షాపు నా చేతికొచ్చిన రెండో ఏడు. అడిగినాయన మాకు అరువుకు సరుకిచ్చే మనిషి, కాదనలేకపోయా. ఏ ఊరికి, ఏ సరుక్కి అని కూడా అడగలేదు. ఏడాది తిరిగాక ఆ పురపాలిక లెక్కలు ఆడిట్‌కు వచ్చినప్పుడు బయటపడింది. మూడు షాపుల కొటేషన్లూ ఒకే చోట టైపు కొట్టినవి, మూడింటిలోనూ ఒకే మాటకు ఒకే అక్షరం తప్పు. నా పేరు మీదున్నది వీధిదీపాల సామాను. మా షాపులో ఏనాడూ బల్బు కూడా అమ్మలేదు. పిలిపించి "సంతకం నీదేనా?" అన్నారు. నాదే. "ధర నువ్వు వేసిందేనా?" అవునంటే అబద్ధం, కాదంటే ఖాళీ కాగితం ఇచ్చానని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుని రాసిచ్చా.

ఆ తర్వాత రెండేళ్లు ఆ ఊళ్లో నా అసలు కొటేషన్ కూడా ఎవరూ ముట్టలేదు. వాళ్లను తప్పుపట్టలేను. మన దగ్గర మునిసిపాలిటీల లెక్కలు చూసేది స్టేట్ ఆడిట్ శాఖ. నష్టం జరిగిందని తేలితే దాన్ని బాధ్యులైన ఉద్యోగుల దగ్గర సర్‌చార్జీ కింద రాబట్టే వీలు 1989 నాటి ఆడిట్ చట్టంలో ఉంది. ఒకసారి ఆడిట్ పేరా (ఆడిటర్లు రాసే అభ్యంతరం) పడిన ఆఫీసులో గుమాస్తా నీ షాపు పేరు చూస్తేనే జడుసుకుంటాడు. ఇక బిడ్డర్లు కూడబలుక్కుని ధరలు వేయడాన్ని 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ నేరుగా నిషేధించింది. మా నాయన ఆ లెటర్‌హెడ్ కట్ట తీసి బీరువాలో పెట్టి తాళమేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మూడు కొటేషన్ల పద్ధతి ఎందుకుందో చూడు. చిన్న కొనుగోలుకు టెండరు పెట్టి నెలరోజులు ఆగలేరు గనక మూడు వేరువేరు షాపుల ధరలు తెప్పించి తక్కువది తీసుకుంటారు. ఆ మూడూ ఒక్కడి చేతిలోంచే వస్తే వాడు చెప్పిందే ధర. పోయేది మనం కట్టిన ఇంటిపన్ను, కుళాయిపన్ను. పెద్ద కొనుగోలును ముక్కలు చేసి కొటేషన్ల మీద లాగించడం కూడా ఇలాంటిదే. కేంద్ర ప్రభుత్వ శాఖలు పాటించే 2017 ఆర్థిక నియమాలు, పై అధికారి మంజూరు తప్పించుకోడానికి అవసరాన్ని చిన్నచిన్న భాగాలు చేయకూడదని స్పష్టంగా చెప్తాయి. "జాతర ముందు అర్జెంటు" అంటారు. గంగమ్మ జాతర ప్రతి ఏడూ మే నెలలో వచ్చేదే కదా, సున్నం, బ్లీచింగ్ జనవరిలోనే టెండరు పిలవొచ్చు.

ఇప్పుడు టెండరు సంగతి. మన రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్‌లో టెండరు వేసే పద్ధతి, 2003లోనే మొదలైంది. దానికి క్లాస్-3 డిజిటల్ సంతకం (ఆన్‌లైన్‌లో నీ సంతకంగా చెల్లే సర్టిఫికెట్) కావాలి, టెండరు పడ్డాక పరుగెత్తితే అందదు, ముందే తీసిపెట్టుకో. బిడ్ రెండు భాగాలు: టెక్నికల్ (అర్హత కాగితాలు), ప్రైస్ (ధర). టెక్నికల్‌లో నిలబడితేనే ప్రైస్ తెరుస్తారు. ఇది నాకు తెలుసుననుకున్నా గానీ తలకెక్కలేదు. 2016లో చెత్త బండ్ల టెండరుకు రాత్రుళ్లు కూర్చుని ధర లెక్కలేశా. మూడేళ్ల టర్నోవరుకు సీఏ సర్టిఫికెట్ అడిగితే రెండేళ్లదే అప్‌లోడ్ చేశా. నా ధర తెరవకుండానే పక్కన పెట్టేశారు. తర్వాత చూస్తే ఎల్-1 (తెరిచినవాటిలో అన్నిటికంటే తక్కువ ధర) కంటే నాది బండికి 40 రూపాయలు తక్కువ. అప్పుడు కోపమొచ్చింది. కానీ నాకొక్కడికి సడలించుంటే, కాగితాలన్నీ సరిగ్గా పెట్టినవాడికి అన్యాయం జరిగేది. అప్పటినుంచి టెండరు పత్రం ప్రింటు తీసి, అడిగిన ప్రతి కాగితం దగ్గరా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటా. గడువుకు ముందురోజే అప్‌లోడ్ చేసేస్తా.

సరుకు వివరాలు కూడా అంత జాగ్రత్తగా చదువు. బ్లీచింగ్ పౌడరుకు ఐఎస్ 1065 అనే నాణ్యతా ప్రమాణం అడుగుతారు. అది నిల్వ ఉన్నకొద్దీ క్లోరిన్ పోగొట్టుకునే సరుకు, పాత స్టాకు చవగ్గా దొరికిందని ధర వేస్తే ల్యాబులో తిరగ్గొడతారు. బండి కొలతలు ఒకే కంపెనీకి సరిపోయేలా రాశారనిపిస్తే, బిడ్ వేయకముందే రాతమూలకంగా అడుగు. ఓడిపోయాక అడిగితే ఎవరూ వినరు.

   

ఇక డబ్బు సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల నమోదు) ఉంటే ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) కట్టక్కర్లేదనీ, 45 రోజుల్లో బిల్లు రాకపోతే వడ్డీ వస్తుందనీ చాలామంది చెప్తారు. చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈ చట్టంలో ఆ 45 రోజుల మాట ఉంది, నిజమే. కానీ అది తయారీ, సేవల యూనిట్లకు. 2021లో వ్యాపారులను ఉద్యమ్‌లోకి తీసుకున్నది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. నీది షాపు గనక ఈఎండీ చేతిలో పెట్టుకునే దిగు, బిల్లు ఐదారు నెలలు ఆగినా అప్పు చేయకుండా నిలబడగలిగినంత సరుక్కే బిడ్ వెయ్యి. ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే బిల్లులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, జీఎస్టీ పోర్టల్లో అంగీకరిస్తే నీ క్యాష్ లెడ్జర్లో (పన్ను కట్టడానికి వాడుకునే ఖాతా) పడుతుంది. నేను మొదట్లో తెలియక రెండేళ్లు వదిలేశా.

మొదటి అడుగు మాత్రం ఇలా వెయ్యి. నువ్వు అనుకున్న మునిసిపాలిటీకి పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, గత రెండేళ్లలో శానిటేషన్ సామాను కొనుగోళ్ల కంపారిటివ్ స్టేట్‌మెంట్లు (వచ్చిన ధరలన్నీ పక్కపక్కన రాసిన పట్టికలు), సప్లై ఆర్డర్లు అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎవరు ఎంతకు వేశారో, ఎంత సరుకు కొన్నారో, ఎన్ని విడతల్లో దించమన్నారో అందులో తెలుస్తుంది. దాని పక్కన నీ కొనుగోలు ధర, లారీ బాడుగ, హమాలీ, ఆరు నెలల వడ్డీ రాసుకో. మిగిలేది కనపడితేనే డిజిటల్ సంతకానికి డబ్బు పెట్టు.