పేరు చెక్కిన బెంచీకి పోకీస్టాప్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేం సాయంత్రం నడిచే పార్కులో, మా కాలనీ పెద్దాయన జ్ఞాపకార్థం ఆయన కుమారులు వేయించిన సిమెంటు బెంచీ ఉంది. మా అబ్బాయి దాన్ని పోకీస్టాప్ (ఫోన్‌లో ఆడే పోకీమాన్ గో ఆటలో వస్తువులు దొరికే చోటు) కోసం నామినేట్ చేస్తే తిరస్కరించారు. అదే పార్కులో రంగు వెలిసిన జారుడుబల్లకు మాత్రం స్టాప్ ఉంది. మనిషి గుర్తు కంటే జారుడుబల్ల ఎక్కువా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఎక్కువ తక్కువల మాట కాదండీ. పోకీమాన్ గో, ఇన్‌గ్రెస్ ఆటలకు చోట్లు ఎంపికయ్యేది వేఫేరర్ అనే వెబ్‌సైట్‌లో. అక్కడ రివ్యూ చేసేవాళ్లలో ఎక్కువమంది మనలాంటి ఆటగాళ్లే. వాళ్లు చూసేవి మూడు: అది వెళ్లి చూసి తెలుసుకోదగ్గ చోటా, ఒళ్లు వంచి కదిలే చోటా, నలుగురు కలిసే చోటా. పిల్లల ఆటస్థలం ఇందులో రెండింటికి సులువుగా సరిపోతుంది. బెంచీ మీదా నలుగురు కూర్చుంటారు, కానీ ఏ బెంచీ మీదైనా కూర్చుంటారు కదా. ఒకే అచ్చులో పోసిన సిమెంటు బెంచీకి బెంచీగా ప్రత్యేకత లేదు. కాబట్టి భారమంతా దాని మీది పేరుపైనే పడుతుంది.

మన దగ్గర పార్కుల్లో, బస్సు షెల్టర్లలో, గుడి ఆవరణల్లో ‘కీ.శే. ఫలానా వారి జ్ఞాపకార్థం, ధర్మపత్ని, కుమారులు’ అని రాసిన బెంచీలు బోలెడు. అది మంచి దానం, కాళ్లు లాగే పెద్దవాళ్లకు అసలైన ఉపకారం. అయితే రివ్యూ చేసేవాళ్లు అడిగేది ఒక్కటే: ఆ మనిషి తన ఇంటికి కాక ఊరికి ఏమయ్యారు? గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి పేరున బెంచీ ఉందనుకోండి. ఆడపిల్లల చదువు కోసం 1922లో శారదా నికేతనం పెట్టినాయన కాబట్టి పెద్దగా వాదించే పని ఉండదు.

చిక్కంతా మధ్యలో ఉన్నవాళ్లతోనే. పత్రికలకెక్కరు, కానీ ఆ పార్కులో మొక్కలు నాటించి, ఎండాకాలం నీళ్లు పోయించి, వాకర్స్ సంఘాన్ని నిలబెడతారు. అలాంటివారి బెంచీకి చోటు దక్కాల్సిందేనని మా గట్టి అభిప్రాయం. ఆ పార్కు కథ ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆ పలక మీదే ఉంటుంది. కాకపోతే ఆధారం మీరే చూపాలి. పార్కు బోర్డు మీద ఆయన పేరున్న ఫోటో గానీ, సంఘం శిలాఫలకం గానీ, స్థానిక పేజీలో వచ్చిన వార్త లింకు గానీ పెట్టండి. మీ లేఖలో ఉన్నది ‘కాలనీ పెద్దాయన’ అన్న ఒక్క మాటే. నామినేషన్‌లోనూ అంతే రాసి ఉంటే తిరస్కరించడంలో తప్పేమీ లేదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పోకీమాన్ గో పటాన్ని చిన్న గడులుగా కోస్తుంది. ఆటగాళ్లు ‘లెవల్ 17 సెల్’ అనే ఆ గడి ఒక్కో వైపు సుమారు 70–80 మీటర్లు. ఒక గడిలో సాధారణంగా ఒక్క స్టాప్ గానీ, ఒక్క జిమ్ (ఆటలో పోకీమాన్లు పోటీపడే చోటు) గానీ కనిపిస్తుంది. ముందు బెంచీ ఆ గడిని పట్టేస్తే, వెనక పార్కు గేటునో విగ్రహాన్నో ఆమోదించినా అవి ఆ ఆటలో రాకపోవచ్చు. చిన్న పార్కులో ఇది పెద్ద నష్టం. అందుకే ముందు పార్కు పేరు బోర్డు, వాకింగ్ ట్రాక్ మొదలయ్యే చోటు, ఓపెన్ జిమ్ చూసుకోండి. ఓపెన్ జిమ్‌లో ఒక్కో పరికరాన్ని విడిగా పెట్టకండి, మొత్తానికి ఒక్క నామినేషన్ చాలు.

ప్రశ్న: గ్రంథాలయ ఉద్యమంలో పనిచేసినాయన పేరున మా దగ్గర ఒక రాతి బెంచీ ఉంది. అర్హత ఉందనే నమ్మకం. ఫోటో, వివరణ ఎలా ఇస్తే నిలుస్తుంది?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మొదట పలక. నల్ల గ్రానైట్ మీద ఎదురుగా నిలబడి తీస్తే ఫోటోలో మీరే కనిపిస్తారు. మనుషులు కనిపించే ఫోటోలను తిప్పికొడతారు. కాస్త పక్కకు జరిగి, పొద్దున ఏటవాలు ఎండలో తీయండి. చెక్కిన అక్షరాల్లో నీడ పడి చదవడానికి వీలవుతుంది. దుమ్ముంటే తడిగుడ్డతో తుడవండి, సుద్దతో మాత్రం అక్షరాలు దిద్దకండి. ఫ్లాష్ వేస్తే నడిమధ్య తెల్లమచ్చ పడుతుంది.

ప్రధాన ఫోటోలో బెంచీ మొత్తం, పలకతో సహా రావాలి. రెండో ఫోటో పరిసరాలది. పది పన్నెండు అడుగులు వెనక్కి వెళ్లి, బెంచీతోపాటు దారి, గేటు, పెద్ద చెట్టు ఏదో ఒకటి పడేలా తీయండి. పార్కు లోపల ఆన్‌లైన్ పటంలో వీధి దృశ్యాలు (స్ట్రీట్ వ్యూ) దొరక్కపోవచ్చు, అప్పుడు అది నిజంగా అక్కడే ఉందని చెప్పే సాక్ష్యం ఈ ఫోటోయే. నెట్‌లోంచి తెచ్చిన బొమ్మ, తేదీ ముద్రపడ్డ బొమ్మ, బండి నంబరు కనిపించే బొమ్మ వద్దు.

శీర్షికలో వ్యక్తి పేరు, ‘స్మారక బెంచీ’ చాలు. ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలు, ఎమోజీలు పెట్టొద్దు. వివరణ రెండు మూడు వాక్యాలు: ఎవరు, ఊరికి ఏం చేశారు, బెంచీ ఎవరు వేయించారు. ‘మా తాతగారు’ అని రాశారంటే అది కుటుంబ విషయమైపోతుంది. ఈ చోటు ఎందుకు తగినదో రివ్యూ చేసేవాళ్లకు చెప్పే సమర్థన గడి ఫారంలో వేరుగా ఉంటుంది. ఆధారాల లింకులు, పలక మీది తెలుగుకు ఇంగ్లీషు అర్థం అందులో ఇవ్వండి, ఎందుకంటే చూసేవాళ్లందరికీ తెలుగు రాదు. మంచి నామినేషన్లు ఇక్కడే పోతున్నాయి.

చెట్ల కింద ఫోను చూపే స్థానం కొన్ని మీటర్లు తప్పుతుంది. ఉపగ్రహ చిత్రం పెద్దది చేసి, పిన్‌ను చేత్తో బెంచీ మీదికి లాగండి. బెంచీ నేలలో పాతి ఉందా లేదా అన్నదీ చూడండి. విడిగా పెట్టినదైతే తోటమాలి రేపు ఇంకో మూలకు జరపొచ్చు. పాతిన కాళ్లు కనిపించేలా ఒక ఫోటో ఉంటే మేలు.

ప్రశ్న: మరో దేశంలో ఇత్తడి రేకున్న మామూలు బెంచీలకు కూడా స్టాప్‌లున్నాయి కదా, మనకెందుకు ఇవ్వరు?
– ఒక విద్యార్థి, తాడేపల్లి

జవాబు: 2012లో మొదలైన ఇన్‌గ్రెస్‌కి ఆటగాళ్లు పంపిన చోట్లే 2016లో పోకీమాన్ గోకి చాలావరకు వచ్చాయి. ఇప్పటి రివ్యూ పద్ధతి కంటే ముందువి వాటిలో ఎన్నో. ఒకటి ఉందని రెండోది హక్కు కాదు.

ప్రశ్న: శ్మశానవాటికలో, బడి లోపల, ఇంటి ప్రహరీకి ఆనించి వేసిన స్మారక బెంచీల సంగతి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: బడి ఆవరణ కుదరదు, పూర్వవిద్యార్థులు వేయించినా అంతే. ఒకే కుటుంబం ఉండే ఇంటి స్థలంలోనూ కుదరదు. అంబులెన్సు, అగ్నిమాపక బండ్ల దారికి అడ్డొచ్చే చోటైతే అసలే వద్దు. శ్మశానవాటికను మేం వదిలేయమంటాం. దహనం జరిగే చోట ఫోను పట్టుకుని తిరిగేవాళ్లను చూసి ఆ ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. 2016లో హిరోషిమా శాంతి స్మారకం దగ్గరి పోకీస్టాప్‌లను అక్కడివాళ్ల కోరిక మీద తీసేశారు.

ఉన్న బెంచీని పార్కువాళ్లు పీకేసి, ఆటలో స్టాప్ మిగిలిపోతే, ఖాళీ అయిన చోటు ఫోటో జతచేసి తొలగింపు కోరండి. అటూ ఇటూ మాత్రమే జరిపి ఉంటే తొలగింపు కాదు, స్థానం సవరణ అడగాలి.