అది నిజాము పతకం కాదమ్మా

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మమ్మగారి ఇంట్లో భోషాణం అడుగున ఐదు కోణాల కంచు నక్షత్రం ఒకటి దొరికింది. మధ్యలో సింహం ఒళ్లూ మనిషి తలా ఉన్న బొమ్మ, వెనుక పిరమిడ్లు. చుట్టూ ఉన్న పట్టీ మీద ఇంగ్లీషులో ఈజిప్టు, 1882 అని ఉంది, కింద అరబ్బీ అక్షరాలు. మా పూర్వీకులు ఒకరు మద్రాసు పటాలంలో పనిచేశారట. పాత సామాన్ల వ్యాపారి దీన్ని నిజాము పతకమని చెప్పి, రెండు వేలు ఇస్తానంటున్నాడు. ఇవ్వవచ్చా? తోమి చూపిస్తే ఇంకాస్త ఎక్కువ వస్తుందా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు ఆ చింతపండు అవతల పెట్టండమ్మా. పాతికేళ్ల వయసులో నేనూ ఇలాంటి నక్షత్రాన్నే చింతపండు, ముగ్గు వేసి రుద్ది బంగారంలా మెరిపించాను. మురిసిపోతూ మద్రాసులో ఒక పెద్దాయనకు చూపిస్తే, ఆయన దాన్ని ఒక్కసారి తిప్పి చూసి, మారుమాట లేకుండా నా చేతిలో పెట్టేశారు. ఆ ముదురు గోధుమ రంగు మురికి కాదు. అది పోతే సగం విలువ పోయినట్టే. మెత్తని పొడిబట్టతో దుమ్ము తుడవండి, చాలు.

నిజాముకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. దీన్ని ఖెదివ్ నక్షత్రం అంటారు. ఒట్టోమన్ సుల్తాను పేరు మీద ఈజిప్టును ఏలిన పాలకుడి బిరుదు ఖెదివ్. 1882లో అహ్మద్ అరబీ పాషా నాయకత్వంలో తిరుగుబాటు లేస్తే, బ్రిటిషు సైన్యం దిగి సెప్టెంబరు 13న తెల్ ఎల్ కెబీర్ దగ్గర దాన్ని అణచివేసింది. ఆ దండయాత్రకు మన దేశం నుంచి కూడా పటాలాలను ఓడలెక్కించారు. వాటిలో మద్రాసు సాపర్లు, అంటే దారులు, వంతెనలు వేసే ఇంజనీరు సిపాయిలు ఉన్నారు. కాబట్టి మీ ఇంట్లో చెప్పుకునే మాట కట్టుకథ కాకపోవచ్చు. తన గద్దె నిలబెట్టినందుకు ఖెదివ్ తౌఫీక్ ఆ దండయాత్ర సైనికులకు ఈ నక్షత్రం ఇచ్చాడు. తయారైంది మాత్రం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో! వెనక్కి తిప్పండి. కిరీటం కింద ఇంగ్లీషు టీ, ఎం అక్షరాలు పెనవేసుకుని ఉంటాయి. తౌఫీక్ మొహమ్మద్ అన్నమాట.

అరబ్బీ వచ్చి ఉండనక్కర్లేదు, అంకెలు గుర్తుపడితే సగం పని అయిపోతుంది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు సాగినా, అంకెలను మనలాగే ఎడమ నుంచి చదవాలి. నిలువు గీత ఒకటి. గీత తలమీద ఒక కొక్కెం ఉంటే రెండు, రెండు కొక్కేలుంటే మూడు. తొమ్మిది మన తొమ్మిదిలాగే ఉంటుంది. చిన్న సున్నాలా కనిపించేది ఐదు, అసలు సున్నా ఒట్టి చుక్క. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మీ నక్షత్రం మీద 1299 ఉండాలి. అది హిజ్రీ, అంటే ఇస్లాం పంచాంగపు సంవత్సరం. దాన్ని 0.97తో గుణించి 622 కలపండి, 1882 వస్తుంది. ఇంగ్లీషు తేదీకీ అరబ్బీ తేదీకీ పొంతన కుదరకపోతే అనుమానించాల్సిందే.

ఇక అసలా నకలా. భూతద్దంలో చూడండి. అచ్చు గుద్దినదైతే పిరమిడ్ రాళ్ల గీతలు కూడా పదునుగా ఉంటాయి. పోతపోసిన నకలులో అక్షరాలు సబ్బుబిళ్ల మీద అరిగిన పేరులా ఉంటాయి, సూది గుచ్చినట్టు గుంతలు కనిపిస్తాయి. పైన నెలవంక, చుక్క ఉన్న కడ్డీ, ముదురు నీలం రిబ్బను ఉన్నాయా? కడ్డీ తీసేసి వెనక పిన్ను అతికించి ఉంటే ధర పడిపోతుంది.

అసలుదైతే రెండు వేలు తక్కువే. అలాగని లక్షలు పలికే వస్తువూ కాదు, ఎందుకంటే 1882 నక్షత్రాలు మార్కెట్లో తరచూ కనిపిస్తాయి. పైగా వీటిని పేరు చెక్కకుండానే పంచారు. పేరు ఉండేది దీని జంట మీద. అదే విక్టోరియా రాణి ముఖం ఉన్న గుండ్రని ఈజిప్టు పతకం. సిపాయిలకు వెండిది ఇచ్చారు, దాని అంచు మీద నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. రెండూ కలిసి దొరికితే ధర వేరు, కథ వేరు. భోషాణం మళ్లీ వెతకండి. మన ఇళ్లలో ఇలాంటి వెండి ఎన్ని పసిపిల్లల పట్టీలైపోయిందో తలుచుకుంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఒక హెచ్చరిక. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తించవచ్చు. విదేశీ కొనుగోలుదారుకు పార్సిల్ కట్టే ముందు పురావస్తు శాఖను అడగండి.

ప్రశ్న: మా నానమ్మ మెడలోని వెండి పతకం మీద చార్మినార్ బొమ్మ, ఉర్దూ అక్షరాలు, 92 అనే అంకె ఉన్నాయి. 1892 నాటిదేనా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పతకమూ కాదు, 1892 నాటిదీ కాదు బాబూ. కొక్కెం అతికించిన హాలీ సిక్కా, అంటే నిజాము రూపాయి. అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. ముహమ్మద్ పేరులోని అక్షరాల విలువలు 40, 8, 40, 4. కూడితే 92. మీ నాణెం మీది ఆ అంకే, సంవత్సరం కాదు. చార్మినార్ గుమ్మంలో చిన్న అక్షరం ఒకటి ఉంటుంది, చూడండి. అది ‘ఐన్’ అయితే చివరి నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ కాలం, అంటే 1911 తర్వాతది. టంకం పడింది కాబట్టి నాణేల వాళ్లు పెద్దగా ఇష్టపడరు. నానమ్మగారి మెడలోనే ఉండనివ్వండి.