సెమినరీ నుంచి బయటికొచ్చాను, సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు

ప్రశ్న: పదో తరగతి అయ్యాక పదిహేనేళ్ల వయసులో సెమినరీలో (కాథలిక్ ఫాదర్లు కాబోయేవారి శిక్షణాలయం) చేరాను. ఇంటర్, ఫిలాసఫీతో పాటు డిగ్రీ, రీజెన్సీ (మధ్యలో చేసే ప్రాక్టికల్ శిక్షణ) పూర్తిచేశాను. థియాలజీ (దైవశాస్త్రం) రెండో ఏడాదిలో ఈ పిలుపు నాది కాదనిపించి వచ్చేశాను. ఇది జరిగి రెండేళ్ల పది నెలలైంది. అమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది, మా విచారణలో (చర్చి పరిధిలో) అందరూ అదోలా చూస్తున్నారు. ఒరిజినల్స్ అన్నీ సెమినరీలోనే ఉన్నాయి, నాలుగు లక్షల ఖర్చు కడితేనే ఇస్తామంటున్నారు. చేరేటప్పుడు నాన్న ఏదో కాగితం మీద సంతకం పెట్టారు. సర్టిఫికెట్లు పోయాయని చెప్పి డూప్లికేట్లు తీసుకోమని స్నేహితుడి సలహా. తీసుకోవచ్చా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: ఇంత రాశారు కానీ నాకు కావలసిన ఒక్క ముక్క లేదు. "ఇవ్వం" అని వాళ్లు ఏ రోజు చెప్పారు?

మీ కేసంతా ఆ తేదీ మీదే ఉంది. దాచమని ఇచ్చిన వస్తువును తిరిగి రాబట్టుకోవడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 70 ప్రకారం గడువు మూడేళ్లు. మీరు అడిగాక వాళ్లు కాదన్న రోజు నుంచి లెక్క. బయటికొచ్చిన రోజే రెక్టార్ ఫాదర్ (సెమినరీ పెద్ద) కాదని ఉంటే మీకు మిగిలింది రెండు నెలలే. "బిషప్ గారిని అడిగి చెప్తాం, తర్వాత రండి" అని మాత్రమే అని ఉంటే అది నిరాకరణ కాదు, గడువు ఇంకా మొదలు కాలేదని వాదించవచ్చు. ఇప్పుడు లాయర్ నోటీసు ఇస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి అవుతుందని మాత్రం అనుకోకండి, కాదు.

ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరమైనా రాయలేదా? ఇచ్చిన సర్టిఫికెట్లకు రసీదు కూడా లేదా? ఫాదర్ గారిని రసీదు ఎలా అడుగుతామని మొహమాటపడ్డారేమో, దాని ఫలితమే ఇది. డబ్బు అడిగిన వాట్సాప్ మెసేజ్ ఒక్కటున్నా చాలు, సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరున్నాయని అదే చెబుతుంది. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ అమ్మేయకండి, సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువీకరణ పత్రంతో దాన్ని కోర్టులో పెట్టాలి.

డూప్లికేట్ల జోలికి అస్సలు వెళ్లొద్దు. పోయాయని స్టేషన్‌లో అబద్ధం రాయించడం, తప్పుడు అఫిడవిట్ ఇవ్వడం రెండూ నేరాలే. పైగా ఒకచోట పోయాయని ప్రమాణం చేసి, ఇంకోచోట వాళ్ల దగ్గరున్నాయని దావా వేస్తే, అవతలి వకీలు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు, మీ పని గోవిందా.

నాలుగు లక్షలు వేరే గొడవ. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన పై కోర్టు) 1903లోనే తేల్చింది. నాన్నగారు పెట్టింది నిజంగా బాండే అయితే ఆయన మీద దావా వేసుకోమనండి, దానికీ గడువుంది. అంతేగానీ బాకీ కింద సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. ఫీజు ఇవ్వలేదని క్లయింట్ ఫైలు పట్టుకు కూర్చోవడానికి మా వకీళ్లకే వీల్లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. ఇక బయటికి రావడానికి రోమ్ అనుమతి లాంటివి మీకు అక్కర్లేదు, డీకన్ పట్టం (ఫాదర్ కావడానికి ముందు మెట్టు) అందుకునే దాకా కానన్ చట్టం (చర్చి చట్టం) ప్రకారమూ మీరు గురువర్గంలో లేరు.

ఈ వారమే రెక్టార్‌కు ఉత్తరం, నకలు బిషప్ గారికి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. సర్టిఫికెట్ల పేర్లు, హాల్ టికెట్ నంబర్లతో సహా రాసి పది రోజులు గడువివ్వండి. చాలావరకు బిషప్ గారి ఆఫీసుకు కాగితం చేరగానే తెగిపోయే వ్యవహారమిది. తెగకపోతే పదకొండో రోజున సెమినరీ ఉన్న చోటి సివిల్ కోర్టులో, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద సర్టిఫికెట్లు అప్పగించాలని దావా వేయండి. ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయం పత్రంతో అడగండి. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఫోన్ పట్టుకెళ్లండి, మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకుండా.