భీమవరంలో అద్దె గది: ముందు నీళ్ళు, తర్వాతే అద్దె

మీరు కదిరి నుంచి భీమవరం వస్తున్నారు, డిగ్రీ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం, ఉండి అనే ఊరికెళ్ళే రోడ్డు వైపున్న రొయ్యల మేత కంపెనీలో 15 రోజుల్లో చేరాలి, నెలకి చేతికొచ్చేది 18,000, ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ లేరు. ఫోన్లో ఫొటోలు చూసి గది ఖాయం చేసుకుని, దిగగానే సామానుతో చేరిపోవచ్చా అన్నది మీ ప్రశ్న. వద్దండి. ఫొటోలో రంగేసిన గోడ కనబడుతుంది గానీ కుళాయి నీళ్ళ రుచి తెలీదు. భీమవరమనే కాదు, ఇటు నర్సాపురం నుంచి అటు ఆకివీడు దాకా ఎక్కడ అద్దెకు దిగినా ఇంటి మంచిచెడ్డలు ముందు నీళ్ళ దగ్గరే తేలతాయి. అద్దె ఎంతన్నది రెండో ప్రశ్న.

మొదటి పది రోజులకి హాస్టల్లో ఒక మంచం చూసుకోండి. రోజు లెక్కన గానీ వారం లెక్కన గానీ ఇస్తారా అని ముందే అడగండి. నెల డబ్బులు కట్టమంటే, పది రోజులకే ఖాళీ చేస్తే ఎంత తిరిగిస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి. "చూద్దాం లెండి" అన్నారంటే రాదనే లెక్క. చినఅమిరం, కొవ్వాడ వైపు ఇంజనీరింగ్ కాలేజీలుండటం వల్ల హాస్టళ్ళకి కొదవ లేదు, కాకపోతే వాటిలో ఎక్కువ చదువుకునే పిల్లల కోసం పెట్టినవి, రాత్రి గేటు వేసేస్తారు. మీకు షిఫ్టు డ్యూటీ పడితే గేటు టైమే పెద్ద తంటా. కదిరిలో ధర్మవరం–నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో మారక్కర్లేదు. ఇక్కడ భీమవరం టౌన్, భీమవరం జంక్షన్ అని రెండు స్టేషన్లున్నాయి, టికెట్ మీద ఏదుందో చూసుకోండి. చేరే తేదీ సంక్రాంతి వారంలో పడితే మాత్రం కంపెనీని బతిమాలుకుని వెనక్కి జరపండి. కోడిపందేలకి వచ్చే జనంతో ఆ నాలుగు రోజులూ లాడ్జీల్లో గది దొరకదు, దొరికినా మీ జీతం చాలదు.

గది వెతకడానికి యాప్ కన్నా కాళ్ళు నయం. టు-లెట్ బోర్డుల్లో సగం గేటుకి కట్టిన అట్టముక్కల మీదే ఉంటాయి, ఇంటర్నెట్‌లోకి రావు. పొద్దున్న 7 నుంచి 9 లోపు, సాయంత్రం 5 తర్వాత తిరగండి. మంగళవారం తిరిగినా బేరం తెగదు, ఆ రోజు తాళాలిచ్చేవాళ్ళు తక్కువ. ఒకే వీధిలో మూడు బోర్డులకి ఫోన్ చేస్తే అక్కడ అద్దె ఎంత నడుస్తోందో మీకే తెలిసిపోతుంది. బోర్డు లేని ఖాళీల సంగతి ఇస్త్రీ బండి ఆయనకి, కిరాణా కొట్టువాళ్ళకి, అందరికన్నా ఎక్కువగా ఇంటింటికీ వాటర్ టిన్నులు వేసే కుర్రాడికి తెలుస్తాయి. ఎవరు ఖాళీ చేశారో చెప్పడమే కాదు, ఏ ఇంట్లో బోరు ఉప్పో, ఎవరు వంటకి కూడా టిన్నులే వేయించుకుంటారో ఆ అబ్బాయి చెప్పినంత నిజం ఓనర్ చెప్పడు. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్ళు ఉండరు కాబట్టి ఆ నెలంతా బోర్డులు అలాగే వేలాడతాయి. అప్పుడడిగితే అద్దెలో కొంచెం తగ్గుతారు.

బ్యాచిలర్ అనగానే చాలా చోట్ల "ఫ్యామిలీకే ఇస్తామండి" అంటారు. దాన్ని చివరి మాట అనుకోకండి. ఏ ఊరు, ఎవరాళ్ళబ్బాయి, ఇంటిపేరేంటి అని వరసగా అడుగుతారు. ఊరు, నాన్నగారి పని, కంపెనీ పేరు, డ్యూటీ టైము మీరే ముందుగా చెప్పేస్తే మిగతా ప్రశ్నలు సగం తగ్గుతాయి. ఆఫర్ లెటర్ ఫోన్లో తీసి చూపించండి, నాన్నగారితోనో అమ్మగారితోనో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి. మాట చివర "అండి" తగిలించడం మరవకండి, ఈ జిల్లాలో అది లేకపోతే పొగరనుకుంటారు. కింద ఓనర్లుండి, పైన మేడ మీద గదీ బాత్రూమూ ఉన్న వాటాలు బ్యాచిలర్లకి తొందరగా దొరుకుతాయి. స్నేహితులు వస్తే ఎలా, రాత్రి ఎన్నింటి దాకా రావచ్చు, మాంసం వండుకోవచ్చా అన్నవి మొహమాటపడకుండా అప్పుడే అడిగేయండి.

ఇక నీళ్ళ సంగతి. డెల్టా నేల కింద ఉప్పునీళ్ళుంటాయి. కాలువల ఊట వల్ల, వాన వల్ల పైన చేరిన మంచినీళ్ళ పొర పలచన, బోరు లోతుకి పోయిన కొద్దీ ఉప్పు తగులుతుంది. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, ఊట ఆగిపోయి ఆ పలచటి పొర కూడా దిగిపోతుంది. అందుకే జనవరిలో పర్వాలేదనిపించిన నీళ్ళు మే నెలలో నోట్లో పెట్టుకోనివ్వవు. గది ఎప్పుడు చూసినా "ఎండల్లో ఎలా ఉంటాయండీ?" అని అడగాలి, అదీ ఓనర్ని కాదు, పక్క వాటాలో అద్దెకున్నవాళ్ళని.

చూడటానికి వెళ్ళినప్పుడు మాటలతో సరిపెట్టుకోకుండా కుళాయి తిప్పండి. రెండు నిమిషాలు వదిలేసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేయండి. చేతికి సబ్బు రాయండి: నురుగు రాకుండా జిడ్డుగా తెట్టె కడితే కఠిన జలం. బాత్రూం టైల్సు మీద, కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంటే ఇంకేమీ అడగక్కర్లేదు. నీళ్ళలో కరిగిన లవణాలెన్నో చూపించే పెన్నులాంటి టీడీఎస్ మీటరు కొనుక్కుంటే ఇంకా తేలిక. తాగునీటికి బీఐఎస్ (దేశంలో నాణ్యతా ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2,000 దాకా. స్నానానికి, బట్టలకి వాడే బోరు నీళ్ళు 2,000 దాటి చూపిస్తే బట్టలు మాసినట్టే ఉంటాయి, గీజర్ కాయిలుకి పెచ్చు కట్టి మాటిమాటికీ పోతుంది. అలాంటి నీళ్ళతో పప్పు కూడా ఉడకదు. పెరట్లో కొబ్బరి చెట్టు కాపు మీదుందని మోసపోకండి, కొబ్బరి ఉప్పుకి ఓర్చుకుంటుంది, మనం ఓర్చుకోలేం.

మునిసిపల్ కుళాయి వేరు, బోరు వేరు. కుళాయి కనెక్షన్ ఉందా, నీళ్ళు ఏ టైముకి వస్తాయి, మేడ మీదికి ఎక్కుతాయా అని మూడు ముక్కలూ అడగాలి. చాలా ఇళ్ళలో కుళాయి నీళ్ళు కిందే ఆగిపోతాయి, పైనుండేవాళ్ళు బిందె మోసుకోవాలి. నీళ్ళొచ్చే టైము మీ డ్యూటీలో పడితే ఆ కుళాయి మీకు లేనట్టే. మోటారు ఎవరేస్తారు, ఒకే ట్యాంకు మీద ఎన్ని వాటాలున్నాయి అన్నది కూడా ఇందులో భాగమే. నాలుగు వాటాలకి వెయ్యి లీటర్ల ట్యాంకుంటే, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పొద్దున్న 10కి స్నానం చేసేవాడికి మిగిలేది గాలే. తాగడానికి, అన్నం వండుకోవడానికి 20 లీటర్ల టిన్ను ఒక మనిషికి నాలుగైదు రోజులొస్తుంది. ఆ ఖర్చు అద్దెలో కలిపి లెక్కేసుకోండి. టిన్ను మేడ మీదికి తెచ్చి వేస్తారా, కిందే పెట్టేసి పోతారా అన్నది ఆ కుర్రాడినే అడగండి.

వాన నీళ్ళ మాట. ఈ నేల పీట వేసినట్టు సమతలంగా ఉంటుంది, పడ్డ నీళ్ళు దిగడానికి వాలు లేదు. పైగా రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెంచుతూ పోవడంతో పాత ఇళ్ళు రోడ్డుకన్నా పల్లంలో పడిపోయాయి. గేటు దగ్గర నుంచుని రోడ్డెత్తు, గడప ఎత్తు చూడండి, గడప కిందికుంటే ఆ గది వద్దు. అక్టోబరు, నవంబరు తుపానుల్లో తెలుస్తుంది ఎందుకన్నానో. లోపల గోడ అడుగున మోకాలెత్తు దాకా తెల్లగా ఉప్పు పూసి, సున్నం పొరలుగా రాలుతుంటే చెమ్మ ఉన్నట్టు. దాన్ని కప్పడానికే కొత్త రంగు వేస్తారు కాబట్టి బీరువా జరిపి వెనక గోడ చూడండి. ఊళ్ళోంచి పోయే మురుగు కాలువ యనమదుర్రు డ్రెయిన్‌కి దగ్గరగా ఉన్న ఇల్లయితే పగలు చూసి మాటివ్వకండి. సాయంత్రం చీకటి పడ్డాక మళ్ళీ వెళ్ళి పావుగంట నుంచోండి, వాసనా దోమలూ అప్పుడే బయటికొస్తాయి. కిటికీలకి దోమల మెష్ లేని గది ఈ ఊళ్ళో సగం కట్టిన గది కింద లెక్క.

కరెంటు మీటరు విడిగా ఉందా అన్నది చాలామంది అడగరు, అక్కడే డబ్బు పోతుంది. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకి యూనిట్‌కి 1.90 రూపాయలు, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75. మీకు సొంత మీటరుండి 100 యూనిట్లు కాలిస్తే ఇతర చార్జీలు పక్కన పెడితే 304.50 రూపాయలు. అదే మూడు వాటాలవాళ్ళూ తలా 100 యూనిట్లు ఒకే మీటరు మీద కాలిస్తే మొత్తం 300 యూనిట్లకి 1,673.25, మీ వాటాకి సుమారు 558. మీరు ఒక్క లైటు కూడా ఎక్కువ వేయలేదు, మీటరు కలిసిందంతే. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి పది రూపాయలు అంటే అది ఇంకో రకం అద్దె. ఆ తేడా అద్దెలో తగ్గించమని అడగండి, తప్పేం లేదు.

పేట ఎంచుకోవడం మీ విషయంలో తేలికే. కంపెనీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో హెచ్‌ఆర్ వాళ్ళని అడిగి, ఆ స్టాపుకి పది నిమిషాల నడక లోపు వెతకండి. ఫ్యాక్టరీ పక్క ఊళ్ళో అద్దె తక్కువే, కానీ సాయంత్రం తినడానికి కర్రీ పాయింట్ కూడా లేని చోట ఒంటరిగా ఉండటం కష్టం, బండి కొనాల్సొస్తుంది. అద్దె, కరెంటు, నీళ్ళ టిన్నులు అన్నీ కలిపి 6,000 దాటనివ్వకండి.

డబ్బు దగ్గర ఒకటే నియమం: తలుపు తీసి లోపల చూడకుండా రూపాయి పంపొద్దు. "నేను మిలిటరీలో ఉన్నాను, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీ అడ్వాన్సు మీకే వెనక్కొస్తుంది" అనేవాడు దొంగ. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పంపేశాక తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అడ్వాన్సు ఎక్కువగా రెండు నెలలడుగుతారు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇక్కడ 11 నెలల అద్దె కాగితం రాసుకోవడం వాడుక. అందులో అడ్వాన్సు మొత్తం, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, వెళ్ళేటప్పుడు రంగుల ఖర్చు కింద ఎంత పట్టుకుంటారు అన్న మూడూ అంకెల్లో ఉండాలి. గొడవలన్నీ ఆ రంగుల ఖర్చు దగ్గరే వస్తాయి. చేరిన రోజే మీటరు రీడింగు, పగిలిన టైల్సు, కారే కుళాయి ఫొటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పెట్టేయండి.

గ్యాసుకి కంగారు పడకండి, 5 కిలోల చిన్న సిలిండర్‌కి అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు. అన్నం మీరు వండుకుని కూర కర్రీ పాయింట్లో తెచ్చుకుంటే ఆ సిలిండర్ చాలా రోజులొస్తుంది. తాళాలిచ్చే రోజు ఓనర్ గారి భార్య పాలు పొంగించుకోమంటారు. అర లీటరు పాలు, చిన్న గిన్నె ఆ రోజు సంచిలో పైనే ఉంచుకోండి. ఇండక్షన్ స్టవ్ మీద పొంగించినా ఎవరూ కాదనరు, పొంగు మీటల మీదికి కారకుండా చూసుకుంటే సరి.