లిఫ్టు పనిలో చేరుతున్న మేనల్లుడికి

అల్లుడూ,

సోమవారం నుంచి నువ్వు లిఫ్టుల మెయింటెనెన్సులో చేరుతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఆ వెంటనే తను అడిగిన మాట ఒకటే: "ఒరేయ్, తాడు తెగితే వాడి గతేంట్రా?" ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. నా ఉద్యోగమేంటో తెలిసిన ప్రతివాళ్లూ అడిగింది ఇదే. తాడు గురించి దిగులు పడొద్దని అమ్మకు నువ్వే చెప్పు. దిగులు పడాల్సింది తలుపు గురించి. ఆ మాట నీకు గట్టిగా చెప్పాలనే కూర్చుని రాస్తున్నాను.

ముందు తాడు సంగతి తేల్చేస్తాను. లిఫ్టులో మనం నిలబడే గదిని కార్ అంటాం. అది ఒక్క తాడు మీద వేలాడదు. నాలుగో ఆరో ఉక్కు తాళ్లుంటాయి. నిండు కార్‌ను మోయడానికి వాటిలో ఒక్కటి మిగిలినా చాలు. అన్నీ తెగాయే అనుకో, కార్ వేగం హద్దు దాటగానే వేగాన్ని కనిపెట్టుకుని ఉండే గవర్నర్ అనే పరికరం పట్టేస్తుంది, సేఫ్టీ గేర్ దవడల్లా, కార్ పట్టుకుని నడిచే గైడ్ రెయిళ్లను కరుచుకుంటుంది. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలిషా ఓటిస్ ప్లాట్‌ఫారం మీద నిలబడి, జనమంతా చూస్తుండగా తాడు తెగ్గొట్టించి చూపించింది ఇలాంటి పట్టునే. 1945 జూలైలో ఎంపైర్ స్టేట్ బిల్డింగును బాంబర్ విమానం ఢీకొన్నప్పుడు ఒక లిఫ్టు తాళ్లు, ఆ గవర్నర్‌ను నడిపే తాడుతో సహా, నిజంగానే తెగాయి. లోపలున్న ఆపరేటర్ అమ్మాయి డెబ్భై అంతస్తులకు పైగా కిందికి వచ్చి కూడా ప్రాణాలతో బయటపడింది. తాళ్లు తెగడానికి అంత ఉత్పాతం కావాల్సి వచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బ్రేక్ పట్టు వదిలితే ఖాళీ లిఫ్టు కిందికి రాదు, పైకి పోతుంది. తాళ్ల రెండో కొసకు వేలాడే కౌంటర్ వెయిట్ బరువెంతో తెలుసుగా? కార్ బరువు, దానికి తోడు కార్ మోయగల బరువులో దాదాపు సగం. లోపల ఒకరిద్దరే ఉంటే అటువైపే బరువెక్కువ. 2006 జూన్‌లో టోక్యోలో హైస్కూలు కుర్రాడు ఒకడు లిఫ్టులోంచి దిగుతుండగా, తలుపులు తెరిచి ఉండగానే కార్ పైకి లేచింది. తలుపు పై చట్రానికీ కార్ నేలకూ మధ్య చిక్కుకుని చనిపోయాడు. బ్రేక్ అరిగిపోయి ఉంది. ఆ తర్వాత 2009 నుంచి జపాన్‌లో కొత్త లిఫ్టులకు, తలుపు తెరిచి ఉండగా కార్ కదిలితే ఆపే రెండో ఏర్పాటు తప్పనిసరి చేశారు. అందుకని మెషిన్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా బ్రేక్ దగ్గర కాసేపు ఆగు. కింద నల్లటి పొడి రాలి ఉందా? డ్రమ్ము మీద నూనె జిడ్డు తగులుతోందా? ఆగేటప్పుడు చప్పుడు మొన్నటిలాగే ఉందా? చేతులకు నూనె ఉంటే బ్రేక్ ముట్టుకోకు. లైనింగ్ అరిగిందని తేలితే, పార్టు వచ్చేదాకా లిఫ్టు ఆపు. భవనంవాళ్లు తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

ఇక తలుపు. ప్రతి అంతస్తులోనూ షాఫ్ట్ (కార్ తిరిగే బావిలాంటి ఖాళీ) తలుపుకు ఒక లాకు ఉంటుంది, ఆ లాకులో కరెంటు కలిపే ఒక కాంటాక్టు ఉంటుంది. కొక్కెం కనీసం 7 మిల్లీమీటర్లు లోపలికి దిగితేగాని కార్ కదలకూడదని యూరోపియన్ ప్రమాణం చెబుతుంది. చిటికెన వేలి గోరంత కూడా లేని ఆ కాస్త లోతు మీదే జనం ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. లాకులన్నీ వరుసగా ఒకే సర్క్యూట్లో ఉంటాయి. ఒక్కటి తెరుచుకున్నా లిఫ్టు నిలిచిపోతుంది. నిలిచిందంటే పాడైందని అందరూ విసుక్కుంటారు. చాలాసార్లు అది తన పని తాను చేసినట్టు లెక్క.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఇప్పటిదాకా మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పనిలో చేరిన ఐదో ఏడు. ఒక సాయంత్రం లిఫ్టు ఆగిపోయిందంటే వెళ్లాను. డోర్ సర్క్యూట్ తెగి ఉంది. ఏ అంతస్తుదో కనిపెట్టడానికి జానెడు నల్ల వైరు ముక్కతో, లిఫ్టును నడిపే కరెంటు పెట్టె అయిన కంట్రోలర్‌లో డోర్ లాకుల టెర్మినళ్లు కలిపాను. అలా కలిపితే తలుపు తెరిచి ఉన్నా మూసినట్టే లిఫ్టుకు లెక్క. మూడో అంతస్తు లాకులో కాంటాక్టు వంగి ఉంటే సరిచేశాను. ఇంతలో ఇంకోచోట జనం ఇరుక్కున్నారని కబురు. హడావుడిగా లిఫ్టును నార్మల్‌లో పెట్టి, కంట్రోలర్ మూసి మెట్లు దిగుతున్నాను. రెండో అంతస్తు దగ్గర జేబు తడుముకుంటే వైరు ముక్క లేదు. ఒళ్లంతా చెమటలు పట్టాయి. వెనక్కి పరుగెత్తాను.

నాలుగో అంతస్తులో తలుపు గడప గాడిలో చిన్న రాయి అడ్డుపడి, రెక్క మూరెడు తెరుచుకునే ఉండిపోయింది. మామూలుగా అయితే కార్ అక్కడినుంచి కదిలేదే కాదు. నా వైరు కదలనిచ్చింది. ఆ సందు దగ్గర నాలుగేళ్ల పాప నిలబడి ఉంది. ఒక చెయ్యి రెక్క అంచు మీద వేసి, తల లోపలికి పెట్టి, చీకట్లో కదులుతున్న తాళ్లను చూస్తోంది. కార్ పైనుంచి వస్తోంది. భుజం పట్టి వెనక్కి లాగాను. ఆ పిల్ల బెదిరిపోయి ఏడ్చింది. వాళ్లమ్మ ఇంటి తలుపు తీసి, పిల్లను అలా లాగుతావేంటని నన్ను కేకలేసింది. ఏమీ మాట్లాడలేకపోయాను. ఆ రాత్రి కళ్లు మూస్తే ఆ చిన్న చెయ్యే కనిపించింది.

ఆ రోజు నుంచి నా దగ్గర నల్ల వైరు లేదు. రెండంటే రెండే జంపర్లు, అంటే అలా కలిపే వైర్లు, ఎర్రవి, బారెడు పొడుగు, చివర పెద్ద బిళ్ల. పెట్టామంటే కంట్రోలర్ తలుపు మూసుకోదు. పని మొదలుపెట్టేటప్పుడు రెండు, సంచి సర్దేటప్పుడు రెండు, లెక్క సరిపోతేనే కదలాలి. జంపర్ ఉన్నంతసేపు లిఫ్టు మనం మాత్రమే నడిపే ఇన్‌స్పెక్షన్‌లోనే ఉండాలి, జనం చేతికి పోకూడదు. కొత్త కంట్రోలర్లలో దీనికే బైపాస్ స్విచ్ ఉంటుంది, అది వేస్తే నార్మల్‌లో నడవనే నడవదు. అది ఉన్నచోట వైరు జోలికి పోకు. "ఈ పూటకి అలా నడిపించు, రేపు చేద్దాం" అని సూపర్‌వైజర్ అన్నా, భవనం సెక్రటరీ అన్నా, తలుపు విషయంలో ఒప్పుకోకు. ఉద్యోగం పోతుందని భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

తలుపు తెరిచే ముక్కోణపు తాళంచెవి నీకిస్తారు. దాన్ని కత్తిలాంటిదనుకో. వాచ్‌మన్‌కు ఇవ్వకు, సంచి మీద పెట్టి వెళ్లకు. ఆ చెవితో తలుపు తీసి, కార్ ఎదురుగానే ఉందనుకుని అడుగు ముందుకేసి పోయినవాళ్లు మన పనిలోనే ఉన్నారు. వాళ్లలో ఒకడు నాకు పని నేర్పినవాడి తమ్ముడు. తెరిచేటప్పుడు బరువు వెనక కాలి మీద ఉంచు. ముందు నాలుగు వేళ్ల సందు తెరిచి, టార్చ్ వేసి చూడు. కార్ కంటికి కనిపించాకే మిగతాది.

కార్ టాప్ ఎక్కేటప్పుడు ఈ వరస తప్పకు. తలుపు కొద్దిగా తెరిచి ఉంచి బయట బటన్ నొక్కు, కార్ కదలకూడదు. అప్పుడు డోర్ లాకు పని చేస్తోందని అర్థం. తలుపు ఇంకా తెరిచి, బయటే నిలబడి చెయ్యి చాపి స్టాప్ స్విచ్ వెయ్యి. తలుపు మూసి మళ్లీ బటన్ నొక్కు, కదలకూడదు. తర్వాత ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి, స్టాప్ తీసి, తలుపు మూసి ఇంకోసారి నొక్కు. అప్పుడూ కదలకపోతే మళ్లీ తెరిచి, స్టాప్ వేసి, అప్పుడెక్కు. స్విచ్ వేశాను కదా అనుకోవడం వేరు, అది పనిచేస్తోందని చూసుకోవడం వేరు. మూడు నిమిషాలు పడుతుంది. సీనియర్లు కొందరు నవ్వుతారు. నవ్వనీ, నువ్వు మాత్రం మొత్తం చెయ్యి. పైకెక్కాక తల, మోచెయ్యి కార్ అంచు దాటకూడదు, కౌంటర్ వెయిట్ చప్పుడు లేకుండా పక్కనుంచి వస్తుంది.

షాఫ్ట్ అడుగున ఉండే గొయ్యి, పిట్‌లోకీ ఇలాగే, స్టాప్ స్విచ్ పరీక్షించాకే దిగాలి. కింద నువ్వు, పైన ఇంకొకడు ఒకేసారి పని చేయొద్దు. పైనుంచి జారిన నట్టు కూడా ప్రాణం తీస్తుంది.

జనం ఇరుక్కున్నారని పిలుపొస్తే పరుగెత్తకు. వెళ్లగానే ముందు వాళ్లతో మాట్లాడు. కార్ గాలి దూరని డబ్బా కాదు, గాలి ఆడే సందులుంటాయి. ఊపిరాడదన్న భయమే వాళ్లను తలుపు పీకేలా చేస్తుంది. "గాలి ఉంది, కింద పడదు, తలుపు ముట్టుకోకండి, నేను వచ్చాను" అని నెమ్మదిగా, పదే పదే చెప్పు. తర్వాత మెయిన్ ఆపు. అంతస్తుకు సరిగ్గా వచ్చేదాకా బ్రేక్ కొంచెం కొంచెం వదులుతూ కార్ జరపాలి, ఇద్దరుంటేనే ఈ పని. కార్ రెండు అంతస్తుల మధ్య నిలిచి ఉంటే దూకమని మాత్రం అనకు. దూకేటప్పుడు కాలు వెనక్కి జారితే, కార్ కిందనున్న ఖాళీలోంచి నేరుగా షాఫ్ట్‌లో పడతారు. లోపల నిశ్చింతగా గంట కూర్చున్నవాళ్లకు ఏమీ కాదు. ఈ సంగతి మన ఇంట్లోవాళ్లకూ చెప్పిపెట్టు. మూసుకుంటున్న తలుపుల మధ్య చెయ్యి పెట్టొద్దని, కుక్క గొలుసు తలుపు బయట ఉండిపోకుండా చూసుకోమని చెప్పు. సన్నటి తాడును సెన్సార్ కనిపెట్టలేదు. మంటలంటుకుంటే మెట్లే దారి.

ఎస్కలేటర్ పని కూడా నీకు పడొచ్చు. అక్కడ తలుపు లేదు గనక ప్రమాదమంతా సందుల్లో ఉంటుంది. మెట్టుకూ పక్క రేకుకూ మధ్య ఒక్కో వైపు 4 మిల్లీమీటర్లు మించకూడదు. ఆ కాస్త సందు చాలు, మెత్తటి రబ్బరు చెప్పును పట్టి లాగేస్తుంది. అందుకే పిల్లల్ని మధ్యలో నిలబెట్టి, చెయ్యి పట్టుకోవాలి. జీరాడే బట్టలు పైకి ఎత్తి పట్టుకోవాలి. దిగేచోట దువ్వెన పళ్లలాంటి ప్లేటు దగ్గర కాలు ఎత్తి వెయ్యాలి, ఈడ్వకూడదు. ఎర్రటి స్టాప్ బటన్ ఎక్కడుందో ఎక్కేముందే చూసుకుని ఉంచుకోమని అందరికీ చెప్పు. అది నొక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన వంతు ఇంకోటి ఉంది. 1987 నవంబర్ 18న లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో చెక్క ఎస్కలేటర్ కింద పేరుకున్న గ్రీజు, చెత్త మీద అగ్గిపుల్ల పడి 31 మంది పోయారు. కింద ఎవరికీ కనపడని చోట ఊడవడం తక్కువ పనని ఎప్పుడూ అనుకోకు. 2015 జూలైలో చైనాలోని జింగ్‌జౌలో ఎస్కలేటర్ పైన నేల మీది మూత కదిలి ఒక తల్లి లోపలికి పడిపోయింది. పడుతూ పడుతూనే చేతిలోని బిడ్డను ముందుకు తోసేసింది. ఆ బిడ్డ బతికాడు, ఆమె బతకలేదు. మూత కదులుతోందని కొద్ది నిమిషాల ముందే అక్కడి సిబ్బందికి తెలిసింది. అయినా ఎస్కలేటర్ ఆపలేదు. నువ్వు మూత బిగించాక దాని నాలుగు మూలలా నిలబడి, బరువేసి తొక్కి చూడు. అప్పుడే అడ్డుపెట్టిన కంచె తియ్యి.

ఈ ఉత్తరంతో పాటు ఒక తాళం పంపుతున్నాను. నేను వాడినదే, ఇత్తడిది, ఒకే చెవి. పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి ఈ తాళం వేసి, చెవి నీ జేబులోనే పెట్టుకో. ఎవరడిగినా ఇవ్వకు. నీతో వచ్చినవాడు తన తాళం వేరే వేసుకోవాలి. సోమవారం పొద్దున్నే బయల్దేరేముందు నాకు ఫోన్ చేసి, కార్ టాప్ ఎక్కే వరస మొదటినుంచి చివరిదాకా నోటితో అప్పజెప్పు. ఆరింటికే లేచి ఉంటాను.

మీ మామయ్య