గన్నవరం నుంచి విశాఖకు విమానంలో ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది?

గన్నవరం విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లు. రైలు దారిలో విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు, ఎందుకంటే పట్టాలు ఏలూరు, రాజమండ్రి, తుని మీదుగా ఊళ్లను కలుపుకుంటూ పోతాయి.

గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి లెక్క ప్రకారం 35 నిమిషాలు చాలు. కానీ టికెట్టు మీద దాదాపు గంట అని ఉంటుంది. అది తప్పేమీ కాదు. విమానం గేటు వదిలిన క్షణం నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్కిస్తారు. విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎక్కడం, దిగేముందు వేగం తగ్గించుకోవడం అన్నీ అందులోనే. ఇంత చిన్న దూరంలో పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే. పైగా విశాఖది నౌకాదళ స్థావరంలోని రన్‌వే, పౌర విమానాలు దాన్ని పంచుకోవాలి.

బెజవాడ ఊళ్లోంచి గన్నవరం 20 కిలోమీటర్లు. గంట ముందైనా చేరాలి. ఇంటి నుంచి ఇంటికి మూడున్నర గంటలు అనుకోండి. వందే భారత్‌లో ప్రయాణం నాలుగు గంటలే కాబట్టి, స్టేషన్ దగ్గర్లో ఉండేవాళ్లకు నేను రైలే చెబుతాను.