పాత ఫ్యాషన్ పోర్ట్రెయిట్ ప్రింట్లు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

నెల్లూరులో ఉంటున్నానని, నెలకు మూడు నాలుగు వేలు పక్కన పెట్టగలనని, 1930–60ల నాటి ఫ్యాషన్ పోర్ట్రెయిట్ ప్రింట్ల సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నేనూ ఈ ఊరివాడినే, పదకొండేళ్లుగా సేకరిస్తున్నాను. మొదటి ఆరు నెలలు ఏమీ కొనకండి. మంచి భూతద్దం ఒకటి కొనుక్కొని, దొరికిన ప్రతి ఫోటోనూ చూడండి.

నా మొదటి ప్రింట్ చెన్నైలో కొన్నాను. ఫ్రేములో, అద్దం వెనుక, వెడల్పాటి టోపీ పెట్టుకున్న యువతి. ఒరిజినల్ అని చెబితే ఆరు వేలు ఇచ్చాను. ఇంటికొచ్చాక, ట్రంకు రోడ్డులో గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గర కంటికి పెట్టుకునే భూతద్దం అడిగి తీసుకుని చూశాను. చెంప మీద నీడ ఉండాల్సిన చోట వరుసలు కట్టిన చుక్కలు! ఏదో పత్రికలోంచి కత్తిరించిన పేజీ అది. వెండి లవణాలు పూసిన కాగితం మీద చీకటి గదిలో వేసే అసలైన జిలాటిన్ సిల్వర్ ప్రింటులో ఆ చుక్కలు ఉండవు, నలుపు పొగలా తెలుపులోకి కరిగిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటులో అయితే వరుస లేని సన్నని తుంపర కనిపిస్తుంది. ఇంక్‌జెట్ తక్కువదని కాదు. నూలు కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో వేసినవి గోడ మీద ఎంతో బాగుంటాయి. అమ్మేవారు ఆ మాట చెప్పి అమ్మాలి, అంతే.

తర్వాత వెనుక వైపు. వెంకటగిరి చీర కొనేటప్పుడు అంచు తిరగేసి జరీ చూడనిదే మన ఇళ్లలో డబ్బు తీయరు కదా, ఇదీ అలాగే. స్టాంపు, పెన్సిల్ రాత, అతికించిన చీటీ, తేదీ, అన్నీ చదవండి. వింటేజ్ ప్రింట్ అంటే ఫోటో తీసిన కాలంలోనే వేసిన ప్రింట్. తర్వాత వేసినవన్నీ చవక అనుకోవద్దు. అమెరికన్ ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ 1955లో పారిస్‌లో డోవిమా అనే మోడల్‌ను ఏనుగుల మధ్య నిలబెట్టి తీసిన ఫోటో 2010 వేలంలో 8,41,000 యూరోలు పలికింది. ఆ ప్రింట్ వేసింది 1978లో! ఎప్పుడు వేశారో దాచకుండా చెప్పడమే ముఖ్యం. అనుమానం వస్తే, దుకాణాల్లో నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చిని చీకట్లో వేసి చూడండి. 1940ల నాటిదని చెప్పిన కాగితం నీలితెలుపుగా వెలిగితే వదిలేయండి. అలా వెలిగేది తెల్లదనం పెంచే రసాయనాల వల్ల, అవి ఫోటో కాగితంలోకి వచ్చింది 1950ల మధ్య నుంచే. వెలగనంత మాత్రాన పాతదని రుజువైనట్టు కాదు.

అవెడాన్, ఆయనలాగే పేరున్న ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ ప్రింట్లు మనబోటివారికి అందవు. మీ డబ్బుకు పత్రికలకు పంపిన ప్రెస్ ప్రింట్లు దొరుకుతాయి. నన్నడిగితే వాటికంటే ముందు మద్రాసు స్టూడియోల పోర్ట్రెయిట్లు వెతకండి. నాకు ప్రాణమైనది అలాంటిదే: బుట్ట చేతుల జాకెట్టు, పలుచని జార్జెట్ చీర, పక్క పాపిడి, చేతిలో మడిచిన గొడుగు. ప్రింటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే దవడ కింద ముఖాన్ని సరిదిద్దిన రీటచింగ్ కుంచె గీతలు వెంట్రుకల్లా కనిపిస్తాయి. 1911లో ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ ఫ్రెంచి డిజైనర్ పాల్ పోయిరే గౌన్లను ఫోటో తీసినప్పుడు బట్ట ఎలా జాలువారుతుందో చూశాడు. పేరు తెలియని ఈ మద్రాసు ఫోటోగ్రాఫరూ ఆ పైట మడతల్లో అదే చూశాడు.

ఇక తేమ. సముద్రం దగ్గరి మన ఊళ్లకు ఇదే అసలు శత్రువు. ఒక నవంబరు ముసురులో నా ప్రింట్ ఒకటి అద్దానికి అంటుకుపోయింది. తొందరపడి లాగాను. ముఖం అద్దం మీదే ఉండిపోయింది, నా చేతిలో ఒట్టి కాగితం మిగిలింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే అద్దానికీ ప్రింటుకూ మధ్య ఆమ్లం లేని మౌంట్ అట్ట తప్పనిసరి. వర్షానికి తడిసే గోడకు ఫ్రేము తగిలించవద్దు. మిగిలినవి పెట్టెలో పెట్టి, బీరువా మధ్య అరలో, సిలికా జెల్ సంచులతో ఉంచండి. లామినేషన్ మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి, తర్వాత విడదీయలేరు. అంటుకున్న ప్రింట్ ఉంటే లాగకుండా అద్దంతో సహా అలాగే నిపుణులకు చూపించండి.

మీకు ఏదైనా ప్రింట్ నచ్చితే డబ్బు ఇచ్చేముందు దాని వెనుక వైపు ఫోటో ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.